దొంగ పీరు, చిన్న ఉపగ్రహం

హలో, అందరు మంచిగున్నరా? ఫోన్ల మాట్లాడుతున్న అనుకోండ్రి. జర చాయ్ పక్కన పెట్టి వినుండ్రి.

1998 మే నెల. కోస్గి బస్టాండు వెనక మన ఏజెంట్ గురవయ్యను గొంతు కోసి పడేశారు. చచ్చే ముందు అతను వైర్‌లెస్‌లో చెప్పింది ఒక్కటే: "జామర్ ఊర్లకొచ్చింది." సిగ్నళ్లను అడ్డుకునే యంత్రం అది.

మరునాడే ఏజెంట్ లతీఫ్ ఊదు, పీర్లకు చుట్టే దట్టీ గుడ్డలు అమ్మే వేషంలో దిగాడు. పక్క గుట్ట మీద సైంటిస్టు ఎల్లస్వామి డిష్ బిగించుకుని కూర్చున్నాడు. మోకాలెత్తు ఉపగ్రహం ఒకటి ఆ మధ్యాహ్నం నెత్తి మీదుగా పోతుంది. తీగ లేకుండా దాని నుంచి కంప్యూటర్‌లోకి ఇంటర్నెట్ దిగితే, ఇట్లాంటి చిన్న ఉపగ్రహాలతో పల్లెపల్లెకూ ఇవ్వొచ్చని రుజువైనట్టే. దిగకపోతే ఢిల్లీ ఆ ప్రాజెక్టును మూసేస్తుంది. పెద్ద ఉపగ్రహాలు అమ్ముకునే విదేశీ ముఠాకు కావలసింది అదే.

ముఠాలో ఉంటూ మనకు పనిచేసే మనిషి రబియా. పట్టు చీర, నల్ల కళ్లద్దాలు, హ్యాండ్‌బ్యాగులో సైలెన్సర్ పిస్టల్.

"ఆకుపచ్చ దట్టీ ఉన్నదా?"

"చిరిగిందే ఉన్నది."

కోడ్ కలిసింది. జామర్ ఎక్కడ దాచారో తనకూ చెప్పలేదని, మోసేవాడు మాత్రం ఈ గుంపులోనే ఉన్నాడని ఆమె చెవిన వేసింది.

ఆ రోజు పీర్ల పండుగ ఆఖరి దినం. డప్పుల మధ్య పీర్లు ఊరేగుతున్నాయి. ఏ మతం ఆడవాళ్లయినా సరే, గడప ముందుకొచ్చి పీరు ఎత్తినవాడి కాళ్ల మీద బిందెడు నీళ్లు పోసి మొక్కుతున్నారు. ముసలి ఈదమ్మ బిందె ఎత్తగానే పీరెత్తిన ఒకడు వెనక్కి దుమికాడు.

"ఏంది బిడ్డా, పీరెత్తినోడు నీళ్లకు భయపడుడు యాడన్న ఉన్నదా?" అంది ఈదమ్మ.

లతీఫ్‌కు వెలిగింది. నీళ్లకు వెరిచేది పీరు కాదు, కరెంటు. నిప్పుల ఊదుదానిని వాడి మొహాన కొట్టాడు. పీరుకు చుట్టిన దట్టీలు ఊడి లోపలి స్టీలు యాంటెన్నా బయటపడింది. పక్కవాడు కత్తి తీసి లతీఫ్ భుజంలో దించాడు. రబియా సైలెన్సర్ దగ్గింది. కత్తివాడు డప్పుల మధ్యే కూలాడు. మొదటివాడు కాలిన మొహంతోనే నడుముకు కట్టుకున్న జామర్ స్విచ్ నొక్కాడు. గుట్ట మీద కంప్యూటర్‌లో సిగ్నల్ ఆగిపోయింది. ఉపగ్రహం అప్పటికే కొండల వైపు వాలుతోంది.

లతీఫ్ ఒంటి చేత్తో వాడి గొంతు పట్టి నేలకు అదిమాడు.

"అవ్వా, నీళ్లు పొయ్యి."

ఈదమ్మ బిందె మొత్తం వాడి నడుము మీద బోర్లించింది. నీలి మంట లేచింది. ఆ దెబ్బకు లతీఫ్ అవతల పడ్డాడు. వాడు మాత్రం మళ్లీ లేవలేదు.

రబియా వాకీటాకీలో ఎల్లస్వామి గొంతు వినిపించింది. "దిగింది మేడం. ఆఖరి సెకన్లల ఇంటర్నెట్ పేజీ మొత్తం దిగింది."

పైన మొగులు నుంచి ఏదో దిగిందని గుంపంతా చెప్పుకుంటుంటే ఈదమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుంది.

"మంచిదే. మా నల్లాల నీళ్లెప్పుడు దిగుతయో గది గూడ అడుగుండ్రి."

బాగనిపిస్తే మీ గ్రూపులల్ల పంపుండ్రి, మనోళ్లందరు వినాలె.