తట్టేవాడి వంతు

ఆ దీవి మనుషులు తుఫానుకి కూడా భయపడరు. వస్తుంది, పోతుంది అంటారు. వాళ్లు భయపడేది ఒక్క మంచుగదికే.

పాత రేవు చివర, ఇసుక అయిపోయి బురద మొదలయ్యే చోట ఉండేదది. ఒకప్పుడు చేపలకి మంచు నిలవచేసిన గది. మూరెడు మందం గోడలు, వాటి మధ్య ఊక కూరి కట్టారు. తలుపు ఒకసారి మూసుకుపోతే ఇద్దరు పట్టి లాగితే గానీ రాదు. గడియ బయటివైపు మాత్రమే. లోపల నిలబడి గొంతు చించుకున్నా బయటికి వినపడదు. తలుపుకి కొట్టిన ఇనప పట్టీ మీద తడితే మాత్రం... ఊరంతటికీ వినపడుతుంది.

వినపడేది కూడా. అమావాస్య రాత్రి, పోటు ఎక్కే వేళకి... టక్, టక్, టక్. కాస్త ఆగి, మళ్లీ మూడు.

ముప్పై ఏళ్ల కిందట మంచు కొట్టే మనిషి ఒకడు లోపలుండగా గాలికి తలుపు పడి గడియ జారిందట. రెండు రాత్రులు తట్టాడట. ఊరు విన్నది. ఎవరో పడవకి మేకులు కొట్టుకుంటున్నారులే, పొద్దున చూద్దాం అనుకుంది. ఆ పొద్దున వచ్చేసరికి నాలుగో రోజైంది.

అప్పటినుంచీ దీవిలో ఒక మాట పుట్టింది. "తట్టినవాడికి తలుపు తీస్తే, తట్టడం నీ వంతు." అంతే, ఇక ఎవరూ అటు పోలేదు. చప్పుడు వినపడితే దుప్పటి ముసుగెయ్యడం, తెల్లారాక దాని ఊసెత్తకపోవడం.

ఆ ఊరి నిదానం సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తరవాత జరిగింది మీరు నమ్మరు. రేవులో గడియారం ఆగిపోయి ఆరేళ్లు. అవతలి ఒడ్డుకి పోయే పెద్దపడవ పదింటికని చెప్పి పదకొండుకి కదులుతుంది. ఎక్కాల్సినవాళ్లు పన్నెండుకొచ్చి చేతులూపితే మళ్లీ వెనక్కొస్తుంది. అక్కడి కొట్లో తాళంకప్పలు అమ్మరు. ఏ ఇంట్లో అన్నం కనపడితే అక్కడ తింటారు, ఏ అరుగు మీద నిద్రొస్తే అక్కడ పడుకుంటారు. ఎవరైనా కనపడకపోతే వెతకరు. గడపల ముందు చెప్పులు చూస్తారు. చెప్పులుంటే మనిషి ఉన్నట్టే. కంగారు పడేవాళ్లని చూసి, "కొంపలేమన్నా మునిగిపోతున్నాయా?" అని నవ్వుతారు.

ఆ దీవిలో పడవలకి రంగులేసే ఆమె ఒకతె ఉంది. అందరూ రంగులామె అనేవాళ్లు. ఆమె మొగుడు పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. అందుకని ఇంజనాయన. మంచి పనివాడే గానీ, ఊరి నిదానమంతా ఆయన ఒంట్లోనే కాపురముండేది. రేవు గడియారం విప్పినవాడు ఆయనే. పది రోజులుగా పెద్దపడవ ఇంజను విప్పి పెట్టినవాడూ ఆయనే.

ఆ రోజు పొద్దున ఆమెకి ఒళ్లు మండింది.

"ఈ దీవిలో ఆగిపోయినవన్నీ నీ చేతికొచ్చాక ఆగినవే! ఆ గడియారం, ఆ ఇంజను... ఇక మిగిలింది నేనొక్కదాన్నే!" అంది.

ఆయన నవ్వలేదు. ఎప్పుడూ నవ్వేవాడు, ఆ పూట నవ్వలేదు. పానా సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అన్నానికి రాలేదు. సాయంత్రమూ రాలేదు. చీకటి పడుతుంటే ఆమె రంగు చేతులు కిరసనాయిలుతో తుడుచుకుని, వీధి వెంట గడపలు చూసుకుంటూ బయల్దేరింది. క్షౌరం చేసే అతని గుమ్మం ముందు కనపడ్డాయి ఆయన చెప్పులు. తెగిన నీలం పట్టీకి రాగితీగ చుట్టి ఉంటుంది, చీకట్లో కూడా పోల్చగలదు.

'ఓహో, అలిగి ఇక్కడ చేరాడన్నమాట. అలక తీరేదాకా పడుండనీ' అనుకుంది. ఇంటికొచ్చి, అన్నం గిన్నె మీద మూత పెట్టి, పడుకుంది.

నిద్ర కూడా పట్టింది. ఆ తరవాత బతికినన్నాళ్లూ ఆమె తనని తాను క్షమించుకోలేని సంగతి అదొక్కటే.

టక్. టక్. టక్.

మెలకువ వచ్చింది. ఆ రాత్రి అమావాస్య. ఆమె అందరిలాగే దుప్పటి నెత్తిమీదికి లాక్కుంది. చెయ్యి అలవాటుగా పక్కకి పోయింది... పక్క ఖాళీ.

ఆమె లేచి కూర్చుంది. ఆ చప్పుడంటే ఆమెకి చచ్చేంత భయం. పెళ్లయిన ఈ పదకొండేళ్లలో, ఎంత పోట్లాడుకున్నా సరే, అమావాస్య రాత్రి ఆయన ఇల్లు చేరని రోజు లేదు. చప్పుడు మొదలవ్వగానే అరచెయ్యి తెచ్చి ఆమె చెవి మీద పెట్టేవాడు. ఆ చెయ్యి ఇవ్వాళ లేదు.

లాంతరు పట్టుకుని క్షౌరం అతని ఇంటికి పరిగెత్తింది.

"తమ్ముడూ... మీ బావని లేపు."

అతను కళ్లు నులుముకున్నాడు. "బావెక్కడున్నాడక్కా ఇక్కడ?"

"చెప్పులిక్కడుంటే!"

"అవా..." అతను తల గోక్కున్నాడు. "నా చెప్పు తెగింది. మధ్యాహ్నం ఇసుక మీద ఇవి కనపడితే వేసుకొచ్చా. బావవే కదా, ఏమంటాడులే అని..."

అదీ ఆ ఊరి అలవాటే. చేతికందిన చెప్పులు వేసుకుపోవడం, తీరిగ్గా తెచ్చివ్వడం. ఆమె కూడా ఎన్నోసార్లు చేసింది. చెప్పుల్ని చూసి మనిషిని లెక్కగట్టే ఊళ్లో, చెప్పులు మాత్రం ఎవరివి ఎవరి కాళ్లకుంటాయో చెప్పలేం. ఇన్నేళ్లూ ఆ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చూసినవాడు ఒక్కడూ లేడు.

"ఇసుక మీద... ఎక్కడ?"

"పాత రేవు దగ్గర. బురద మొదలయ్యే చోట."

బురదలోకి దిగే మనిషి చెప్పులు విడుస్తాడు. ఆ బురద దాటాక ఉన్నది ఒక్క గదే. ఆ గదిలో పాత మంచు మిషను ఉంది. పెద్దపడవ ఇంజనుకి కావాల్సిన బేరింగు ఆ మిషనులోనూ ఉంటుందని ఆయన ఎన్నిసార్లు అన్నాడో!

టక్. టక్. టక్.

మంచుగది నేల సముద్రం వైపు కుంగిపోయి ఏళ్లయింది. పోటు వస్తే నీళ్లు లోపలికే వస్తాయి. అమావాస్య పోటుకి ఎంత ఎత్తు లేస్తాయో గోడ మీద నాచు మరకే చెబుతుంది... నిలబడ్డ మనిషి తలకి పైన.

"పోటు నిండటానికి ఎంతసేపుంది?"

"అరగంట... అదీ ఉండదక్కా."

ఆమె వీధిలో పడి కేకలేసింది. తలుపులన్నీ తెరిచే ఉన్నాయి, మనుషులు మాత్రం దుప్పట్లలోంచి రాలేదు. పెద్దపడవ నడిపే ముసలి సరంగు ఒక్కడు ముసుగులోంచే పలికాడు.

"ఎవరింట్లోనో పడుకునుంటాడులేమ్మా. పొద్దున చూద్దాం."

"పొద్దుటికి ఏముంటుంది బాబాయ్? లోపల నీళ్లెక్కుతున్నాయి! వినపడట్లేదా, తడుతున్నాడు!"

"ఆ తట్టేది నీ మొగుడు కాదే పిచ్చిదానా..." అన్నాడు ముసలాయన. "అది ఆ పాతవాడు. తీశావంటే వంతు నీదవుతుంది."

ఆమె ఒక్క క్షణం ఆగింది. ఆయన అన్నదీ నిజం కావచ్చు. ప్రతి అమావాస్యకీ వినపడే చప్పుడే ఇదీ. తలుపు తీస్తే లోపల దెయ్యం ఉంటే తన బతుకు అంతటితో సరి. మొగుడుండి, తీయకపోతే?

"వంతైతే అవనీ," అంది. పరిగెత్తింది.

ఇసుక దాటింది. బురద ఉండాల్సిన చోట నీళ్లున్నాయి... మోకాళ్ల దాకా, తరవాత నడుం దాకా. లాంతరు నెత్తిన పెట్టుకుని నడిచింది. వెనకనుంచి క్షౌరం అతను, "వద్దక్కా... అక్కా, వద్దు..." అని ఒడ్డున నిలబడి ఏడుస్తున్నాడు.

చప్పుడు మారింది. ముప్పై ఏళ్లలో మూడుకి మించి విన్నవాళ్లు లేరు. ఇప్పుడు ఆగడం లేదు. టక్ టక్ టక్ టక్ టక్... ఊపిరాడనివాడు కొట్టుకున్నట్టు.

ఆమె తలుపు చేరింది. అరచెయ్యి ఆనించింది. పట్టీ అదురుతోంది, చెక్క అదురుతోంది... చెక్కకి అవతల, సరిగ్గా ఆమె చెయ్యి ఉన్న చోటే, ఎవరో కొడుతున్నారు.

"ఏమయ్యా!" అని అరిచింది.

చప్పుడు ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం చప్పుడు కంటే ఘోరంగా ఉంది. ఆమె లాంతరు గోడ మేకుకి తగిలించి, రెండు చేతులతో గడియ పట్టి గుంజింది. తుప్పు. గోళ్లు విరిగాయి. నడుముకి ఎప్పుడూ వేలాడే రంగు గీకే కత్తి ఉంది, దాని పిడితో గడియని కొట్టింది, కొట్టింది, ఏడుస్తూ కొట్టింది. "ఉండు... ఉండయ్యా... వచ్చేశా... ఇక ఎన్నడూ నిన్ను ఒక్క మాట అనను... ఉండు..."

గడియ లేచింది. తలుపు రాలేదు. నీళ్లు పట్టేశాయి. పక్కన రొప్పుతూ ఇంకో రెండు చేతులు పడ్డాయి. క్షౌరం అతనే. భయం భయంగానే ఉంది, మనిషి మాత్రం వచ్చేశాడు. ఇద్దరూ కలిసి లాగారు. తలుపు జానెడు... మూరెడు...

ఆమె లాంతరు లోపలికి పెట్టింది.

తలుపు వెనక ఎవరూ లేరు.

నల్లటి నీళ్లు, నిండుగా. అటు చివర, ఇరవై అడుగుల దూరంలో, పైకప్పు కొక్కేన్ని పట్టుకుని రెండు చేతులు. ఆ చేతుల మధ్య ముఖం పైకెత్తి, ముక్కు ఒక్కటే నీళ్ల బయట పెట్టుకుని...

ఆమె ఈదిందో నడిచిందో ఆమెకే తెలియదు. మిషను చక్రం ఊడి ఆయన పాదం మీద పడి ఉంది. మునిగి, తడుముకుని, ఇనప కమ్మీ దొరకబుచ్చుకుని, ఇద్దరూ ఎగదోస్తే కాలు బయటికొచ్చింది. అప్పటికి లాంతరు ఆరిపోయింది. చీకట్లోనే ఆయన్ని చంకల కింద పట్టుకుని ఒడ్డుకి లాక్కొచ్చారు.

ఇసుక మీద ఆయన చాలాసేపు దగ్గాడు. ఆమె ఆయన్ని కొట్టింది, వాటేసుకుంది, మళ్లీ కొట్టింది.

"చెప్పకుండా ఎందుకెళ్లావు? గాలికి తలుపు పడితే దిక్కెవరనుకున్నావు? నువ్వు తట్టబట్టి గానీ... నువ్వు తట్టకపోతే..."

ఆయన వణుకుతూ ఆమె వైపు చూశాడు.

"నేనెక్కడ తట్టానే?"

క్షౌరం అతను పిండుకుంటున్న చొక్కా అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

"కమ్మీ వేసి తలుపు తెరిచానే గానీ, పగలే కాలు ఇరుక్కుపోయింది. తలుపు దాకా ఎలా వస్తాను? పోటు మొదలైనప్పటినుంచీ రెండు చేతులూ కొక్కేనికే..." ఆయన ఊపిరి తీసుకున్నాడు. "నేనూ విన్నా. ఎవరో బయటినుంచి తడుతున్నారనుకుని 'తీయండి, తీయండి' అని అరిచా. నీళ్లు మెడకొచ్చాక తెలిసింది... ఆ చప్పుడు లోపలినుంచే."

కుంటుకుంటూ ఇల్లు చేరేదాకా ముగ్గురూ వెనక్కి తిరిగి చూడలేదు. చెవులు మాత్రం వెనకే ఉన్నాయి. చప్పుడు మళ్లీ రాలేదు.

తెల్లారాక రంగులామె ఆ తలుపుని బందులతో సహా ఊడదీయించింది. ఆ దీవిలో అనుకున్న రోజే అయిన పని బహుశా అదొక్కటే. తలుపు ఇసుక మీద పడ్డాక, దాని పక్కన కూర్చుని ఆమె బావురుమంది. ఈసారి మొగుడి కోసం కాదు. తలుపు తీయమని అడిగిన పాపానికి ఊరంతా ముప్పై ఏళ్లు దెయ్యమని ముసుగెట్టుకున్న ఆ మనిషి కోసం.

మాట మాత్రం ఊరికే పోలేదు. వంతు ఆమెదే అయింది. ప్రతి అమావాస్యకీ పోటు ఎక్కకముందే లాంతరు పట్టుకుని బయల్దేరుతుంది. తలుపు తెరిచి ఉన్నా సరే, ప్రతి ఇంటి తలుపూ మూడుసార్లు తడుతుంది. "ఎవరెవరున్నారు? చెప్పులు చూపించకండి, నోటితో పలకండి!" ఊరు విసుక్కుంటుంది, నిద్ర పాడుచేస్తోందని తిట్టుకుంటుంది. కానీ పలుకుతుంది.

ఏడో ఏడు, ఒక అమావాస్య మర్నాడు పొద్దున, సరంగు కర్ర పొడుచుకుంటూ వాళ్ల గుమ్మంలోకి వచ్చాడు.

"ఏమ్మా, తట్టడానికైనా ఒక మరియాద ఉండదా? రాత్రి అలా బాదేశావేం? మా మనవరాలు ఉలిక్కిపడి లేచింది. సరే, అందరం ఉన్నామని చెప్పాంలే."

ఇంజనాయన గ్లాసు కింద పెట్టాడు. "రాత్రా? బాబాయ్... దీనికి మూడు రోజులుగా జ్వరం. మంచం దిగలేదు."

సరంగు గుమ్మంలోనే చతికిలపడ్డాడు.

"మా తలుపూ తట్టారు," అన్నాడు ఇంజనాయన మెల్లగా. "నిద్రమత్తులో 'ఇద్దరం ఉన్నాం' అన్నా. ఇది నా పక్కనే ఉంది... మరి నేను చెప్పింది ఎవరికి?"

మంచం మీద రంగులామె అటునుంచి ఇటు తిరిగింది. జ్వరంతో ఎండిన పెదాలు తడుపుకుంది.

"ఊళ్లో అందరూ పలికారా బాబాయ్?"

"పలికారమ్మా... అందరూ."

"అయితే సరే," అని ఆమె మళ్లీ కళ్లు మూసుకుంది.