పట్టాభి నేర్పిన అతుకు

అంగారకుడి మీద ఇంటికి చిల్లుపడితే మేస్త్రీ కోసం ఎదురుచూసే వ్యవధి ఉండదు. అందుకే ఎర్రపేట కాలనీలో పెద్దవాళ్ళందరి మణికట్టుకీ చేతిచదువు కంకణం ఉంటుంది. తెరమీద నిపుణుడు పని చేస్తుంటే, ఆ కదలికల్ని కంకణం సిగ్నల్స్‌గా మార్చి చూసేవాళ్ళ నరాల్లోకి పంపుతుంది. చెయ్యకుండానే ఆ పని చేతికి అలవాటైపోతుంది. డాక్టర్ మందాకిని కనిపెట్టిన ఈ కృత్రిమ మజిల్ మెమరీ పుణ్యమా అని, గోడకి అతుకు వెయ్యడం రానివాళ్ళు కాలనీలో లేరనే అందరూ అనుకునేవారు.

చిక్కల్లా, ఆ పాఠాలు చూస్తుంటే నిద్ర ముంచుకొచ్చేది. వాటిని వెక్కిరిస్తూ పట్టాభి అనే నటుడు ఓ కామెడీ మొదలుపెట్టాడు. ఎర్రమట్టిలో షికారుకెళ్ళి దారి తప్పేవాడు, ఇల్లు బాగుచేస్తానని బయల్దేరి కూలగొట్టేవాడు. అతుకుబిళ్ళ తీసి, జిగురు మీద 'ఉఫ్' అని ఊది, గోడకి బదులు తన తొడకి అంటించుకునేవాడు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. నవ్వినంతసేపూ కంకణాలు చేతులకే ఉండేవి.

ఆ కార్యక్రమం వచ్చేటప్పుడు కంకణాలు పనిచెయ్యకుండా ఆపమని సాటి శాస్త్రవేత్త సోమయాజులు ఒకటికి రెండుసార్లు చెప్పి చూశాడు. మందాకిని కొట్టిపారేసింది.

"నవ్వులాటకి చూసేది చేతికెక్కుతుందంటారా? తప్పని తెలిసే కదండీ నవ్వుతాం," అంది.

కూతురితో కలిసి పట్టాభి కామెడీ చూసి నవ్వడం ఆవిడ కూడా ఒక్కరోజు మానేది కాదు మరి.

ఓ మధ్యాహ్నం ఆకాశంలోంచి దూసుకొచ్చిన ఉల్కముక్క ఆవిడ ఇంటి గోడకే తగిలింది. వేలెడంత చిల్లు. గాలి బుస్సున బయటికి పోతోంది. గదిలో గాలి తగ్గగానే తలుపు దానంతటది బిగుసుకుంది. లోపల మందాకిని, ఆరేళ్ళ కూతురు మేఖల, మూడు అతుకుబిళ్ళలు. సహాయదళం వచ్చేదాకా ఆ గాలి చాలదు.

మందాకిని మొదటి బిళ్ళ పొర ఒలిచింది. చెయ్యి నోటి దగ్గరికొచ్చింది, పెదవులు 'ఉఫ్'మన్నాయి. ఊపిరి తడి తగిలితే ఆ జిగురు క్షణంలో రాయైపోతుంది. గోడకి నొక్కితే బిళ్ళ జారి కిందపడింది. ఆవిడ కంకణం పీకి అవతల పారేసింది గానీ, చేతికొచ్చిన పని కంకణంతో పోతుందా? రెండో బిళ్ళకి పళ్ళు బిగించి నోరు మూసుకుంది. చెయ్యి దాని మానాన అది వెళ్ళి బిళ్ళని తొడకి అంటించింది.

మేఖల కిలకిలా నవ్వింది.

పిల్లలకి కంకణం తొడగరు. ఆ సంగతి గుర్తొచ్చి మందాకినికి ప్రాణం లేచివచ్చింది. చివరి బిళ్ళని కూతురి చేతిలో పెట్టింది.

"ఊదకు తల్లీ. పొర తీసి గోడకి నొక్కెయ్, అంతే," అంది ఆయాసపడుతూ.

మేఖల బుద్ధిగా తలూపింది. పొర తీసింది. చిల్లు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి తల్లి ముఖం చూసింది. అమ్మ కళ్ళనిండా నీళ్ళు. అమ్మ ఏడవడం ఆ పిల్ల ఎన్నడూ చూసి ఎరగదు. ఎలాగైనా నవ్వించాలనుకుంది.

బుగ్గలు బూరెల్లా పొంగించి, బిళ్ళ మీద 'ఉఫ్' అని ఊదింది.