రోలర్ కింది గడ్డి

మా ఊరి క్రికెట్ గ్రౌండ్ ఒకప్పుడు గొర్రెలు మేసే పొలం. యార్క్‌షైర్ కొండల్లో ఇలాంటి గ్రౌండ్లు చాలానే ఉన్నాయి. మాది మాత్రం ఒకప్పుడు కవల అన్నదమ్ములది. అచ్చుగుద్దినట్టు ఉండేవారట. పెద్దవాడు ఆమోస్ కుర్రతనంలోనే ఓ సాయంత్రం మాయమైపోయాడు. తమ్ముడు సేత్ ఆ నెలలోనే పొలాన్ని క్లబ్బుకి రాసిచ్చేశాడు. ఒకటే షరతు. మూలనున్న, నేల చదునుచేసే ఇనప రోలర్‌ని ఎవరూ కదపకూడదు.

అన్నని చంపి దానికిందే పాతిపెట్టాడని ఊరంతా గుసగుస. మొహం మీద అడిగినవాళ్ళు లేరు. సేత్‌కిప్పుడు తొంభై దాటాయి. ఆదివారం మ్యాచ్‌కి వస్తాడు గానీ ఆట చూడడు. రోలర్‌నే చూస్తూ కూర్చుంటాడు. నేనిచ్చిన టీ చేతిలోనే చల్లారిపోతుంది.

ఆటలు ముగిసిన అక్టోబరులో, ఓ సాయంత్రం, మా ఆయన క్లిఫర్డ్ ట్రాక్టర్ తెచ్చాడు. క్లబ్బు కెప్టెన్ అతనే.

"ఇవాళ తేల్చేద్దాం థర్జా. ఎముకలుంటే పోలీసులకి చెబుదాం. లేకపోతే ముసలాయన్ని అనుమానించడం మానేద్దాం."

"ఎవరైనా చూస్తే?"

"ఈ మంచులోనా? నీ మొహమే నాకు కనబడట్లేదు."

నిజమే. కొండ మీంచి దిగిన పొగమంచు పెవిలియన్‌ని మింగేసింది. తడి మట్టి వాసన, డీజిల్ వాసన. గొలుసు బిగిసింది. రోలర్ మూలుగుతూ కదిలింది.

దాని కింద గడ్డి... పచ్చగా ఉంది. ఇన్నేళ్ళు ఎండ తగలని చోట. పొద్దున్నే కోసినంత పొట్టిగా. క్లిఫర్డ్ చెయ్యి ఆనించి, చటుక్కున తీసేశాడు.

"వెచ్చగా ఉందే..."

ట్రాక్టర్ ఆపేశాడు. అప్పుడు వినబడింది. టక్... టక్... మట్టిలోంచి.

"ఎవరు కదపమన్నారు?"

వెనక సేత్. ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే వచ్చేశాడు. మొహంలో భయం లేదు. కోపమూ లేదు. మేం ఏం విన్నామోనని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"మీ అన్న ఎక్కడ తాతా?" అడిగేశాను.

"ఎటో వెళ్ళిపోయాడమ్మా. ఎప్పటి మాటో అది. దాన్ని ఎక్కడిదక్కడ పెట్టేసి ఇంటికెళ్ళండి."

చెప్పులీడ్చుకుంటూ మంచులోకి నడిచాడు.

టక్ టక్ ఆగింది. మా కాళ్ళ కింద ఎవరో గుసగుసగా అడిగారు. కుర్ర గొంతు.

"అన్నయ్య వెళ్ళిపోయాడా?"

క్లిఫర్డ్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అన్నయ్యా అని పిలిచేది తమ్ముడే కదా. నేను మాట్లాడకుండా ఉండాల్సింది. కానీ మంచువైపు తిరిగి పిలిచాను.

"ఆమోస్!"

చెప్పుల చప్పుడు ఆగింది.

మళ్ళీ మొదలవుతుందని చెవులు రిక్కించాం. మొదలు కాలేదు.

మా వెనక ట్రాక్టర్ స్టార్టయింది. తాళంచెవి క్లిఫర్డ్ గుప్పిట్లోనే ఉంది.