ముద్ర లేని పలక

ఆ కొత్త లైబ్రరీకి బయట నుంచి చూస్తే సిమెంటన్నది కనిపించదు. నేల నుంచి మూడో అంతస్తు దాకా నిలువు చెక్క పలకలు తొడిగారు. ఒక చెట్టు కొడితే రెండు నాటే అడవి నుంచి మాత్రమే తెచ్చిన కలప అది. ఏ చెట్టు, ఏ ఏడు అని చెప్పే చిన్న ముద్ర ప్రతి పలక కింది కొసన ఉంటుంది. ఇంకా తలుపులు తెరవకముందే ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి ఫోటోలు తీసుకుపోతున్నారు.

తనిఖీకి వచ్చిన ఆమె ఉద్యోగం ఆ ముద్రలు సరిచూడడమే. ఒక్క రోజే గడువుంది. మూడు గోడలు సరిపోయాయి. పడమటి గోడ దగ్గర, సాయంత్రపు ఎండ పలకల మీద ఏటవాలుగా పడుతున్న వేళ, ఆమె చెయ్యి ఆగిపోయింది. ఒక పలకకు ముద్ర లేదు. మిగతావన్నీ తేనెరంగులో ఉంటే అది నల్లబారి ఉంది. వాసన కూడా కొత్త కలపది కాదు. తలుపులు బిడాయించిన గదిలో మనిషి చాలాకాలం పడుకుంటే వచ్చే వాసన.

ఈ పని చేయించిన వడ్రంగి మేస్త్రి ఆమెకు స్వయానా బాబాయి. తండ్రి పోయాక చదివించి ఇంతదాన్ని చేసినవాడు. బంధుత్వం సంగతి ఆఫీసులో ముందే చెప్పింది. నీ మీద నమ్మకం ఉందిలే, వెళ్ళమన్నారు. ఎక్కడో కూల్చిన పాత ఇంటి చెక్క తెచ్చి అతికించాడా? ఆ మాట రిపోర్టులో రాస్తే ఆయన్ని ఇంకెవరూ పనికి పిలవరు.

“బాబాయ్, ఇదెక్కడిది?”

ఆయన దగ్గరికి రాలేదు. పది అడుగుల దూరంలోనే నిలబడ్డాడు. “మేం బిగించింది కాదమ్మాయ్.”

“దానంతటదే నడిచొచ్చి అతుక్కుందా?”

“నాలుగు రోజులుగా నేనూ అదే అనుకుంటున్నాను.”

“నాలుగు రోజుల నుంచి తెలిసీ చెప్పలేదా?”

“చెబితే నమ్మేదానివా?”

ఆయన చూపు గోడ మీద నిలవడం లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది వాలకం.

“అయితే విప్పి చూద్దాం.”

“పొద్దుపోతోంది. రేపు...”

“రేపటికి అక్కడ కొత్త పలక ఉంటుంది. అంతేగా?”

అన్నాక నాలుక కరుచుకుంది. ఆయన వెళ్ళి స్క్రూలు విప్పే మిషను తెచ్చాడు.

ప్రతి పలకకూ స్క్రూల తలలు బయటికి కనిపిస్తాయి. దీనికి ఒక్కటీ లేదు. చేసేది లేక పక్క పలక విప్పి నేలమీద పెట్టారు. వాన తడి ఆరడానికి చెక్కకూ గోడకూ మధ్య నాలుగు వేళ్ళ సందు వదులుతారు. ఆమె ఆ సందులోకి టార్చి వేసి తొంగిచూసింది.

ముద్ర లేని పలకకూ స్క్రూలు ఉన్నాయి. తలలు లోపలివైపున ఉన్నాయి. సందులో నిలబడి ఎవరో తీరిగ్గా బిగించినట్టు... పిల్లి కూడా పట్టని సందులో.

తడి తగలకుండా గోడకు వేసిన నల్ల షీటు మీద ఒకచోట చెమ్మ ఉంది. మనిషి మొహం ఉండే ఎత్తులో, అరచేతంత. చూస్తుండగానే అది ఆరింది. మళ్ళీ పట్టింది. ఆరింది. మళ్ళీ...

ఎవరో ఊపిరి తీస్తున్నట్టు.

ఆమె వెనక్కి తగ్గింది. బాబాయి పక్కకి తప్పుకోబోయి, కాస్త అవతల గోడకే జారబడ్డాడు.

టక్.

పలకల లోపల చప్పుడు. ఎడమవైపు పలక వెనక. ఆ తర్వాతి పలక వెనక. ఒక్కో పలకా దాటుతూ దూరమైంది. మూల తిరిగింది. ఉత్తరపు గోడ వెంబడి వెళ్ళి వినిపించకుండా పోయింది.

“పోయింది,” అంది ఆమె గుసగుసగా.



టక్... టక్... ఈసారి కుడివైపు నుంచి. దక్షిణపు మూల దాటి, ఆయన వైపుగా. సరిగ్గా ఆయన వీపు వెనక ఆగింది.

“బాబాయ్... గోడ వదిలి ఇటు రా.”

“రాలేకపోతున్నానమ్మాయ్.”

“పట్టుకుందా?”

“లేదు.” ఆయన పెదవులు మాత్రమే కదిలాయి. “అటునుంచి... అదీ ఆనుకుంది.”

ఆమె ఆయన రెండు చేతులూ పట్టుకుని ఉన్న బలమంతా పెట్టి లాగింది. ఇద్దరూ మట్టిలో పడ్డారు. లేచి, వెనక్కి చూడకుండా గేటు దాటారు.

తెల్లారి పదిమంది పనివాళ్ళతో వచ్చి చూస్తే, విప్పిన పలక నేలమీదే ఉంది. దాని చోటు ఒక్కటే ఖాళీగా ఉంది. నల్లబారిన పలక లేదు. అది ఊడిన చోటంటూ కూడా లేదు. తేనెరంగు పలకలు భుజం భుజం కలిపి నిలబడ్డాయి. ప్రారంభం వాయిదా వేయించి ఆమె మూడు రోజుల్లో నాలుగు గోడలూ విప్పించింది. లోపల ఏమీ లేదు.

“నిన్ను అనుమానించాను బాబాయ్.”

“అనుమానించడమే కదమ్మా నీ పని,” అని ఆయన ఆమె తల నిమిరాడు.

ఆ మధ్యాహ్నమే పిన్ని ఫోన్ చేసింది. “మీ బాబాయి మట్టిలో పడ్డరోజు వేసుకున్న చొక్కా మూడు రోజులుగా ఉతుకుతున్నానే. వీపు మీద చెక్కపొట్టుతో అయిదు వేళ్ళ అచ్చు. ఎంత రుద్దినా పోవడం లేదు.”

“గోడకు ఆనుకున్నాడు పిన్నీ. అంటుకుని ఉంటుంది.”

“నేనూ అలాగే అనుకున్నాను.” పిన్ని గొంతు తగ్గించింది. “కానీ అచ్చు పడింది చొక్కా పైన కాదే... లోపలివైపు.”