జూటుదొర బంగళాలో పాట

శ్రీకూర్మం దాటి సముద్రం వైపు తిరిగితే జూటుదొర బంగళా. పొద్దుగూకితే దాని మీద కాకి కూడా వాలదు. పొరపాట్న వాలిందా... తెల్లారేసరికి ఇంగిలీషులో కావుమంటుంది!

జూటు మిల్లు నడిపిన ఆ స్కాట్లండు దొర ఎప్పుడో పోయాడు. అతని పియానో మాత్రం ఈమధ్య దీపాలవేళకి మోగుతోంది. తోడుగా ఓ ఆడగొంతు...

చేపలమ్మే అసిరమ్మకి అదే తోవ. చేపల తట్ట వెంట దెయ్యం పడుతుంది. ఓ చేప పారేసి, వెనక్కి చూడకుండా పోతే వదిలేస్తుంది. అందుకే రోజూ కిటికీలోకి ఓ కానాగంత చేప విసిరి, కుందేలు సిగ్గుపడేలా పరిగెత్తేది.

ఆ రోజు తట్టలో మిగిలింది ఒక్కటే — పాలసొర. బాలింతరాలైన తన కూతురు దేవికి పాలు పడక, పసిగుడ్డు గుక్కపట్టి ఏడుస్తోంది. పాలసొర తింటే పాలు పడతాయి.

విసిరితే పిల్లకి ఆకలి. విసరకపోతే... దెయ్యం పసిగుడ్డున్న ఇంటికే వస్తుంది!

కిటికీ దగ్గరికొచ్చింది. పియానో... గొంతు...

టక్కున ఆగాయి.

తలుపు కిర్రుమంది.

"ఈ రోజు చేప లేదా?" అని గుసగుస!

అసిరమ్మ తట్టని వాటేసుకుంది. "ఇవ్వను! ఇయి నా మనవరాలి పాలు! నన్ను తినీ!"

"అయ్యో, దెయ్యాన్ని కాదమ్మా! సుహాసినిని. కచేరీ ఉంది, ఈ చుట్టుపక్కల పియానో ఇదొక్కటే. స్కాట్లండు పల్లెపాటలు... గొంతుకో వరస, పియానోకో వరస కట్టారు. నేను వాయించేది పియానో వరసే."

"ఓలమ్మో! నా కానాగంతలన్నీ తిన్నది నువ్వేటే?"

"వేపుడు చేసుకున్నాను. అంత బాగా పాడి, చేప కూడా ఇస్తుంటే..."

"పాడీదెవరు?"

"మీరేగా! రోజూ కిటికీ బయట..."

"నానా? నాను పాడితే సముద్రంలో సేపలు సచ్చిపోతాయి! నువ్వు కాదేటి?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

లోపల... ఆగిన చోటు నుంచే ఆ ఆడగొంతు పాట అందుకుంది.

ఇంకేముంది! నేల మీద కాలు ఆనిందో లేదో, ఇద్దరూ దేవి గుమ్మంలో ఉన్నారు. తట్టలో పాలసొర భద్రం. పులుసు తిన్న దేవికి పడ్డ పాలతో ఊరికంతటికీ కాఫీ పెట్టొచ్చు! పసిగుడ్డు కడుపునిండా తాగి నిద్రపోయింది.

ఉయ్యాల దానంతటదే ఊగుతోంది. పక్కన సన్నగా... అదే పాట.

"విసరనేదు కదా..." అని గొణిగింది అసిరమ్మ.

పాట ఆగింది. వంటింట్లో మూత కదిలింది.

వెళ్లి చూస్తే — పులుసులో తలకాయ ముక్క లేదు!