పదిహేడో నంబరు బ్లాకు

"నవ్వింది చాలుగానీ, ముందు బ్లాకులు ఇప్పించండి!"

మంజుష నాతో అన్న మొదటి మాట అది. మా గోదావరి జిల్లాల్లో మూతి ఒకవైపే నవ్విందంటే వెటకారం కిందే లెక్క. ఆమెదీ మా వైపే, ఆత్రేయపురం. తప్పెలా పట్టను?

చెవి కింద లాలాజల గ్రంథిలో కేన్సర్ వస్తే, అప్పటికి రెండేళ్ల కిందట నాకు ఆపరేషన్ చేశారు. దాంతో నరం దెబ్బతిని ఎడమ బుగ్గలో నవ్వు పోయింది. అది చెప్పి అయ్యో అనిపించుకోవడం కంటే వెటకారం మనిషిననిపించుకోవడమే నయం.

అది 2009. రాజమండ్రిలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో నేను టెక్నీషియన్ని. ఆపరేషన్లలో తీసిన ముక్కల్ని మైనపు బ్లాకుల్లో దాచడం నా పని. పీహెచ్‌డీ కోసం విశాఖ నుంచి వచ్చిన మంజుషకి పేర్లు తీసేసి, నంబర్లతో ముప్పై బ్లాకులిచ్చాను. పదిహేడోది నాదే.

"వీటిల్లో ఏం వెతుకుతారండీ?"

"ప్రొటీన్ తయారుచెయ్యని ఆర్ఎన్ఏ. ఒకప్పుడు పనికిరాదనుకున్నారు. కేన్సర్ ఊపిరితిత్తులకి పాకడంలో దాని చెయ్యి ఉందేమోనని ఇప్పుడు అనుమానం."

"అరుగు మీద ఉత్తినే కూర్చుని ఊరంతా నడిపే పెద్దమనిషన్నమాట."

"మళ్లీ వెటకారం!" అంది, కానీ నవ్వేసింది.

నెలకోసారి వచ్చేది. మిగతా రోజులన్నీ నేను తలుపు వైపే చూస్తుండేవాణ్ణి. ఒకసారి పూతరేకులు తెచ్చింది.

"వద్దండీ."

"మా అమ్మ చుట్టిందండీ!" చిన్నబుచ్చుకుని డబ్బా మూసేసింది.

ఆపరేషన్ తర్వాత ఇచ్చిన రేడియేషన్‌తో నా నోరు ఎండిపోయింది. పూతరేకు అంగిట్లో కాగితంలా అంటుకుపోతుంది. ముద్దముద్దకీ నీళ్లు తాగుతూ స్లైడ్ల గదిలో ఒక్కణ్ణే తింటాను. ఈ మాట ఆమెతో అనలేకపోయాను.

తర్వాత మూడు నెలలు రాలేదు. వచ్చినరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"పదిహేడు ఎలా ఉందండీ?"

"అదొక్కటే ఎందుకు?"

చెవి కింద మచ్చ చూపించాను. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఒక్క బ్లాకు చూసి మనిషి సంగతి చెప్పలేనండీ. పాకుతుందనీ చెప్పలేను, పాకదనీ చెప్పలేను."

"అందుకే ఎవర్నీ దగ్గరికి రానివ్వను."

లేచి వెళ్లిపోయింది. అంతే, అయిపోయిందనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం, నేనెక్కడ తింటానో ఎవర్నడిగి తెలుసుకుందో, స్లైడ్ల గది తలుపు తీసుకుని లోపలికొచ్చింది. గిన్నెలో పూతరేకులు, గోరువెచ్చటి పాలల్లో నానబెట్టినవి.

"రేడియేషన్‌కి నోరెండిపోయుంటుందని నాకు ముందే తట్టలేదండీ. ఇప్పుడు దిగుతుందేమో చూడండి."

దిగింది. రెండేళ్లకి ఒకరి ఎదురుగా కూర్చుని తిన్నాను.

"ఎన్నాళ్లుంటానో తెలీదండీ," అన్నాను.

"నాకూ తెలీదు. రేపేం తెమ్మంటారో చెప్పండి."

నవ్వాను, ఒకవైపే. ఈసారి ఆమె వెటకారమనలేదు.