మూత పడ్డ ఉదయం

“మా నాన్నది మామూలు చావు కాదండీ.” దర్జీ పని చేసే ఆమె డిటెక్టివ్ ఎదుట కుర్చీలో కూర్చోకుండానే అంది.

పల్లంలో ఉన్న వాళ్ళ వాడలో మొన్న పొద్దున ఆమె తండ్రితో కలిపి ముగ్గురు ముసలివాళ్ళు ఊపిరాడక పోయారు. పొగే కారణమన్నాడు డాక్టరు. పక్కనే ఇనుము కరిగించే ఫ్యాక్టరీ. ఆమె భర్త అక్కడే వాతావరణం నమోదు చేసే ఉద్యోగి.

“గాలి వీచిందా?” డిటెక్టివ్ అడిగాడు.

“ఆకు కదల్లేదు. అంతా మంచు. కిటికీలు తియ్యొద్దని చెప్పి మా ఆయన డ్యూటీకెళ్ళాడు. నాన్న గాలి గాలి అంటుంటే నేనే తీశాను.”

డిటెక్టివ్ వాళ్ళింటికి వెళ్ళి, మొన్నటి నుంచీ తీగ మీదే ఉన్న దుప్పటిని పరీక్షగా చూశాడు. పై మడత మీదే మసి. తర్వాత ఫ్యాక్టరీలో ఆనాటి వాతావరణ చీటీ చదివాడు: ‘గాలి జోరుగా ఉంది. కొలిమి వెలిగించవచ్చు.’ పక్కనున్న గుట్ట మీదా, కింద ఆవరణలోనూ గాలి వేడిని కాగితం మీద తమంతట తామే గీసే యంత్రాలున్నాయి. వాటి కాగితాలు తెమ్మని తన అసిస్టెంటును పంపాడు.

మధ్యాహ్నం మేనేజరు గదిలో ఆమె, ఆమె భర్తతో సహా అందరూ చేరారు. పోలీసు ఇన్‌స్పెక్టరు తలుపు దగ్గర నిలబడ్డాడు.

“చీటీ ప్రకారమే వెలిగించాం,” అన్నాడు మేనేజరు.

“చీటీ అబద్ధం. గాలి వీస్తే మసి దుప్పటికి ఒక పక్కన కొడుతుంది. ఇది నిలువునా దిగింది. మామూలుగా పైకెళ్ళేకొద్దీ చల్లగా ఉండాలి. ఆ పొద్దున కింద ఎనిమిది డిగ్రీలు, గుట్ట మీద పదమూడు. పైనున్న వెచ్చటి గాలి పల్లానికి మూత వేసింది. పొగ దాన్ని దాటలేక వాడ మీదికే దిగింది. అలాంటి రోజు కొలిమి ఆపాలని మీ నిబంధనే ఉంది.”

అసిస్టెంటు కళ్ళప్పగించి వింటున్నాడు. డిటెక్టివ్ ఆమె భర్త వైపు తిరిగాడు.

“గాలి జోరుగా ఉందని రాసినవాడివి, ఇంట్లో కిటికీలు ఎందుకు మూయించావు?”

“ఇంకోసారి కొలిమి ఆపమని రాస్తే ఉద్యోగం ఉండదన్నారు సార్. ఎనిమిదింటికల్లా ఎండొచ్చి పొగ లేచిపోతుందనుకున్నా. మధ్యాహ్నం దాకా ఎండే రాలేదు.”

“నేననలేదు!” మేనేజరు లేచాడు. ఇన్‌స్పెక్టరు అతని భుజం పట్టి కూర్చోబెట్టాడు.

ఆమె ఏడవలేదు. భర్త దగ్గరికి వచ్చి నిలబడింది.

“మిగతా రెండిళ్ళకీ ముందు నువ్వే వెళ్ళి చెప్పు. తర్వాత జైలుకెళ్దువుగాని. నేను మాత్రం తోడు రాను.”